నల్లంచి అంటే ఎవరు

బెజవాడ,
1948 జనవరి.

చెల్లె సుసన్నకు,

బాగున్నానని రాయమని మా తమ్ముడు పక్కనే కూర్చుని చెబుతున్నాడు కాబట్టి బాగానే ఉన్నాను. ఈ అక్షరాలు నువ్వు నేర్పినవే, వంకరగా ఉంటే తప్పు గురువుది. నేను మాట్లాడినట్టు రాస్తే నువ్వు పుస్తకంలో ఉన్నట్టు దిద్దేదానివి. అందుకే దిద్దించుకున్న తీరులోనే రాస్తున్నాను.

రజాకార్ల గొడవ మన దిక్కు పాకుతుందని విని తమ్ముడు వచ్చి నన్ను కట్టుబట్టలతో బండెక్కించాడు. నువ్వేమో బడి విడిచి రానన్నావు. ముందు గదిలో కిరాయికి ఉన్న పంతులమ్మవు, ఇప్పుడు ఇల్లంతా నీదే. ఏలుకో.

తమ్ముడిది మేడ మీది ఇల్లు. పెరడు లేదు. పొద్దున లేస్తే రైలు కూత, కాకి కూత, అంతే. మరదలు మంచిదే గాని నేను నోరు తెరిస్తే నా మాట తీరుకు నవ్వు ఆపుకోలేదు. "వదినా, ఆ మాట మళ్లీ ఒక్కసారి అనండి" అని పక్కింటివాళ్లను పిలిచి మరీ అనిపిస్తుంది. అందుకే మాట్లాడడం తగ్గించాను. ఇంతమంది మధ్య నాకు ఒంటరిగా ఉంది సుసన్నా.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. పెరడు ఎండనివ్వకు. బావి పక్క కొమ్మకు మట్టి గురిగి వేలాడుతుంది చూడు. దాని అడుగున సూది బెజ్జం, అందులో దూది వత్తి ఉన్నాయి. పొద్దున్నే నింపితే నీళ్లు చుక్క చుక్కగా కింది మూకుట్లో పడతాయి. పిట్టలు నీళ్లను చూసి రావు, చప్పుడు విని వస్తాయి. గింజలు చల్లితే పిచ్చుకలు, పావురాలు వస్తాయి గాని పాడేవి రావు. నల్లంచికి పురుగు కావాలి. రాలిన ఆకులు ఊడ్చి పారెయ్యకు. మందార కింద కుప్ప వేసి, మీద కొంచెం పేడ వేసి తడుపుతూ ఉండు. పికిలిపిట్టకు బొప్పాయి పండు సగం కోసి కొమ్మకు గుచ్చు. తేనెపిట్టకు ఏమీ పెట్టనక్కర్లేదు, మందార పూలు కొయ్యకుండా ఉంటే చాలు. మీ చర్చికి పూలు కావాలంటే పక్కింటి మైసమ్మను అడుగు.

జవాబులో ఊరి సంగతులు రాయకు. కవర్లు విప్పి చదివి మళ్లీ అతికిస్తున్నారు. పిట్టల సంగతి రాయి, నాకు అదే చాలు.

నీ రుక్మక్క


ఇబ్రహీంపట్నం,
1948 ఫిబ్రవరి.

రుక్మక్కకు,

ఈ కవరు నీకంటే ముందు విప్పి చదివే అయ్యకు నమస్కారం. ఆయన కళ్లు చల్లగా ఉండాలి.

ఇక నీ గురిగి సంగతి. మొదటి రోజు వత్తి వదులుగా పెట్టాను, నీళ్లన్నీ ఒక్కసారే నా నెత్తి మీద పడ్డాయి. మైసమ్మ గోడ అవతల నుంచి చూసి, "పంతులమ్మా, పిట్టలకు తానం పోస్తున్నవనుకున్న, నువ్వే పోసుకుంటున్నవా" అని పడీ పడీ నవ్వింది. మరునాడు వత్తి బిగిసిపోయి చుక్క కూడా పడలేదు. పిల్లలకు భిన్నాలు నేర్పడం ఇంతకంటే సులువు.

కాని కుదిరింది అక్కా. వారం తర్వాత రెండు నల్లంచిలు వచ్చాయి. ఒకటి గోడ మీద కాపలా ఉంటే ఒకటి తిన్నది. తర్వాత అది గోడ ఎక్కి, ఇది దిగింది. సాయంత్రం మంచాల ఊరి దిక్కు నుంచి పికిలిపిట్టల గుంపు వచ్చింది. బొప్పాయి మొత్తం ఖాళీ చేసి, చీకటి పడేలోగా ఎటువాళ్లు అటు వెళ్లిపోయారు. తోక కింద ఆ ఎరుపు ఎంత బాగుందో. ఇన్నేళ్లు ఇదే ఇంట్లో ఉండి నేను చూడనే లేదు.

బడికి పిల్లలు రావడం లేదు. రోజూ తాళం తీస్తాను, గంట కొడతాను, కూర్చుంటాను, మళ్లీ తాళం వేస్తాను. ఆదివారం చర్చిలో నేనే పాడుతున్నాను, నేనే వింటున్నాను. పిట్టలంటే నీకు పిచ్చి అని చాటుగా నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నేను నోరు తెరిచి మాట్లాడేది పొద్దున ఆ వెనుక తలుపు సందులో కూర్చున్నప్పుడే. అవి జవాబు చెప్పకపోయినా, వినే ప్రాణి ఒకటి ఉందనిపిస్తుంది. నువ్వు రావాలి అక్కా. పెరడు నీది, నేను కాపలాదారును మాత్రమే.

సుసన్న


బెజవాడ,
1948 మార్చి.

చెల్లె సుసన్నకు,

నీ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయింది, అన్నిసార్లు చదివాను. మరదలు "ఏమి వార్త వదినా" అని అడిగితే, "మా ఇంట్ల నల్లంచి జోడి దిగింది" అన్నాను. ఈసారి ఆమె నవ్వలేదు.

ఆ రెండింటిలో ఒళ్లంతా నల్లగా, రెక్క మీద తెల్లమచ్చ ఉన్నది మగది. బూడిద రంగుది ఆడది. ఎండలు ముదిరేకొద్దీ మగది పాట ఎత్తుకుంటుంది. వెలుతురు రాకముందే గోడ ఎక్కి మొదలుపెడుతుంది. అప్పుడు నువ్వు బకెట్టు చప్పుడు చేయకు, తలుపు కిర్రుమనిపించకు. పాడిన రోజు నాకు రాయి. మరింకెవరెవరు వచ్చారో, ఎటు నుంచి వచ్చారో, ఏం తిన్నారో అన్నీ రాయి. ఏదీ వదలకు.

ఎట్లా అయినా వానాకాలానికి ముందే తమ్ముడిని ఒప్పించి వచ్చేస్తాను. జోడి గూడు కట్టే వేళకు నేను అక్కడ ఉండాలి.

రుక్మక్క


ఇబ్రహీంపట్నం,
1948 మే.

రుక్మక్కకు,

నేను క్షేమం. ఎండలు బాగా ఉన్నాయి. ఇకమీదట పిట్టల గురించి రాయను. నువ్వూ రాయకు, అడగకు. ఇప్పుడు రావద్దు కూడా. తమ్ముడి దగ్గరే ఉండు.

సుసన్న


బెజవాడ,
1948 జూన్.

సుసన్నకు,

రెండు గీతల ఉత్తరం అందింది. ఎవరి ఇంట్లో ఉండి ఎవరిని రావద్దంటున్నావో నాకు అర్థం కాలేదు. పెరడు చేయడం చేతగాకపోతే చేతగాదని రాయాల్సింది, నేనేమీ కొట్టేదాన్ని కాదు. ముసలిదాని పిచ్చి ఎన్నాళ్లు భరించాలని విసుగు పుట్టి ఉంటుంది. పుట్టనీ.

ఇకపై నిన్ను అడగను.

రుక్మాబాయి


ఇబ్రహీంపట్నం,
1948 అక్టోబరు.

అక్కా,

పోలీసు యాక్షన్ అయిపోయింది. ఇప్పుడు విప్పి చదివేవాళ్లు లేరంటున్నారు కాబట్టి రాస్తున్నాను. నువ్వు కోపంతో రాసిన ఉత్తరం చదివి నేను బాధపడలేదు, నవ్వాను. నీకు కోపం వచ్చిందంటే నీకు ఏమీ తెలియలేదన్నమాట. తెలిస్తే నడిచైనా వచ్చేదానివి.

ఏప్రిల్ చివర పోలీసు అమీను సిపాయిలతో వచ్చాడు. చేతిలో మన ఉత్తరాల నకళ్లు. నావి నీదాకా రాకముందు, నీవి నాదాకా రాకముందు, అన్నీ రాసి పెట్టుకున్నారట. బావి గట్టు మీద కూర్చుని అడిగాడు.

"పంతులమ్మా, సచ్ చెప్పు. నల్లంచి అంటే ఎవడు?"

"పిట్ట అయ్యా."

"పిట్టయితే గోడ మీద పహరా ఎందుకుంటది? పికిలి ఎవడు? మంచాల కెళ్లి గుంపు కట్టి వచ్చి, తిని, చీకటి గాకముందు పోయిందన్నవ్. ఎర్రగున్నది ఎవడు?"

"తోక కింద అయ్యా. ఈకలు."

సిపాయిలు కూడా నవ్వలేదు. అడవిలో ఉన్న ఎర్రజెండా సంగపోళ్లకు మన పెరట్లో అన్నం పెడుతున్నామని, నువ్వు బెజవాడలో కూర్చుని ఎవరెవరు వచ్చారో లెక్క అడుగుతున్నావని వాళ్ల నమ్మకం. "ఏదీ, చూపెట్టు నీ పిట్టలను" అన్నాడు అమీను. అంతమంది బూట్లతో తిరుగుతుంటే ఏ పిట్ట వాలుతుంది? కాకి కూడా రాలేదు.

మనుషులు దాక్కునే చోటు ఉండకూడదని మందార, బొప్పాయి, ఆముదాలు మొదలంటా నరికించాడు. తుపాకులు ఉన్నాయేమోనని ఆకుల కుప్ప తవ్వించాడు. మందారలో గూడు ఉంది అక్కా. తేనెపిట్టది. నేను చెప్పేలోగా కొమ్మ పడిపోయింది. గురిగిని లాఠీతో కొట్టాడు. మళ్లీ పిట్ట అన్న మాట రాస్తే నిన్ను బెజవాడ నుంచి రప్పిస్తానన్నాడు. అందుకే ఆ రెండు గీతలు రాశాను.

ఇప్పుడు ఇక్కడ మొండి నేల తప్ప ఏమీ లేదు. నువ్వు దేనికోసం వస్తానన్నావో అది నేను కాపాడలేకపోయాను. వస్తావో రావో నీ ఇష్టం. నేను మాత్రం ఎదురు చూస్తున్నాను.

సుసన్న


బెజవాడ,
1948 అక్టోబరు.

పిచ్చిదానా,

నేల ఉంది గదా. వస్తున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే పొయ్యి మీద ఎసరు పెట్టు.

రుక్మక్క


హైదరాబాదు, జైలు,
1949 జనవరి.

అక్కా,

ఈ ఉత్తరం విప్పి చదివే కొత్త అయ్యకు కూడా నమస్కారం. రాజ్యం మారినా నా ఉత్తరాలు చదివే భాగ్యం ఎవరో ఒకరికి దక్కుతూనే ఉంది.

నువ్వు వచ్చి మూడు నెలలన్నా కాలేదు, ఆ మొండి నేల తవ్వి మనం పాదులన్నా పూర్తి చేయలేదు, నన్ను జీపెక్కించారు. వాకిట్లో నిలబడి నువ్వు పెట్టిన శాపనార్థాలు చెరువు కట్ట దాకా వినిపించాయి. అప్పుడు నాకు సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసింది.

అమీను పోయాడు గాని ఆయన కట్టిన ఫైలు పోలేదు. మన ఉత్తరాలను అప్పట్లో ఉర్దూలోకి మార్పించాడట. మార్చిన మున్షీ, ఇది ఎట్లాగూ రహస్య భాష అని, పిట్ట అన్నచోటల్లా మనిషి అని రాసుకుంటూ పోయాడు. తెలుగు నకళ్లు ఎక్కడో పోయాయి. ఆ ఉర్దూ కాగితాలే మిగిలాయి. వాటి ప్రకారం నేను రోజూ పొద్దున తలుపు సందులో కూర్చుని మనుషులకు బొప్పాయి పండు కొమ్మకు గుచ్చి పెట్టాను. సంగపోళ్ల కోసం ఇప్పుడు వీళ్లూ వెతుకుతున్నారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఫైలు తీసి, చాలా మర్యాదగా అదే ప్రశ్న అడిగాడు.

"చూడమ్మా, నిజం చెప్పెయ్యండి. నల్లంచి అంటే ఎవరండీ?"

నాకు ఏడుపు రాలేదు. నవ్వు వచ్చింది, ఆ నవ్వే తప్పయింది. బుకాయిస్తున్నానని రాసుకున్నాడు.

ఇక్కడ గోడలు ఎత్తు. లోపల చెట్టు లేదు. ఆడవాళ్లం కొంతమందిమే ఉన్నాం, ఒక్కొక్కరిదీ ఒక్కో భాష. నర్సింహమ్మ అనే వార్డరు మంచిది, మన దిక్కు మనిషే. నాకు ఏమీ పంపకు. ఇంట్లో ఒక్కదానివే ఎట్లా ఉన్నావో రాయి.

సుసన్న


ఇబ్రహీంపట్నం,
1949 ఫిబ్రవరి.

సుసన్నా,

ఒక్కదాన్ని ఎట్లా ఉన్నానని అడిగావు. పోయిన ఏడాది నువ్వు ఉన్నట్టే ఉన్నాను. ఇప్పుడు నీ ఉత్తరాలు నాకు వేరే తీరుగా అర్థమవుతున్నాయి.

నేను ఆ ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయాను. రోజూ పోయి ఠాణా మెట్ల మీద కూర్చున్నాను. విసిగి లోపలికి పిలిచాడు. "అయ్యా, నల్లంచి పిట్టనే. నువ్వొచ్చి మా పెరట్ల కూసో, నీ కండ్లతోని నువ్వే చూడు. రాకపోతే నన్ను సుత జైల్లెయ్యి" అన్నాను. తల గోక్కున్నాడు. కొంచెంసేపటికి, "మార్చిలో ఒకరోజు వస్తానమ్మా. ఉత్తరాల్లో రాసిన పిట్టలన్నీ కనిపించాలి మరి" అన్నాడు.

నీ విడుదల ఇప్పుడు పిట్టల చేతిలో ఉంది. వచ్చే మాసానికి ఆ మొండి నేల మీదికి వాటిని రప్పించాలి.

కొత్త గురిగి తెచ్చి బెజ్జం వేశాను. వేలాడదీయడానికి కొమ్మ లేదు, బావి గిలకకు కట్టాను. పిట్ట నేల మీద దిగేముందు వాలడానికి చోటు కావాలి, కాబట్టి రేగు కంప, తుమ్మ కొమ్మలు తెచ్చి పాతాను. ఎండిన కంపలు పాతుతుంటే మైసమ్మ అడిగింది, "అక్కా, గివి చిగురు పెడ్తయా?" అని. "పెట్టకుంటే పెట్టకపోనియ్" అన్నాను. నరికిన మందార మొదలు మాత్రం చిగురు వేసింది. పురుగులు లేవని బాధపడుతుంటే, చెరువు మీద చేపలు పట్టే అంజిలయ్య లేడూ, ఆయన ఒక గంప చేపల పొట్టు తెచ్చి ఆకుల కుప్ప మీద గుమ్మరించాడు. "ఈగలొస్తయి. ఈగల కోసం నీ పిట్టొస్తది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఈగలు వచ్చాయి. కంపు కూడా వచ్చింది. మైసమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని తిరుగుతోంది.

నల్లంచి ఇంకా రాలేదు. పికిలి ఒక్కటి గోడ మీద దిగి, చూసి, పోయింది. నాకు భయంగా ఉంది సుసన్నా. ఇన్నేళ్లు అవి వస్తే సంతోషం, రాకపోతే ఊరుకునేదాన్ని. ఇప్పుడు గోడ మీద నీడ కదిలితే ప్రాణం లేచి వస్తోంది.

రుక్మక్క


హైదరాబాదు, జైలు,
1949 మార్చి.

అక్కా,

నీ ఉత్తరం చదివి, చేపల పొట్టు కంపు ఇక్కడిదాకా వచ్చినంత పని అయింది. నర్సింహమ్మకు కూడా చదివి వినిపించాను. "వస్తయి పంతులమ్మా, తప్పక వస్తయి" అంది. రోజూ పొద్దున, "వచ్చినయా?" అని నన్నే అడుగుతోంది, నేనేదో ఇక్కడి నుంచి చూస్తున్నట్టు.

ఇంతకుముందు ప్రార్థనలో దేశం కోసం, బడి కోసం, నీ కోసం అడిగేదాన్ని. ఇప్పుడు రెండు నల్లంచిలు అని అడుగుతున్నాను. దేవుడు కూడా ఎవరండీ వాళ్లు అని అడగడు గదా.

ఇంటికి రావాలని ఉంది అక్కా. ధైర్యంగా రాద్దామని కూర్చున్నాను గాని, ఉన్నది అదే.

సుసన్న


ఇబ్రహీంపట్నం,
1949 మార్చి.

సుసన్నా,

వచ్చాయి.

ఉండు, క్రమంగా చెబుతాను. ఇన్‌స్పెక్టరు జీపు వేసుకుని వచ్చాడు. జీపు దూరంగా ఆపించాను. బూట్లు విప్పించాను. టోపీ, తళతళలాడే బిళ్లలు కనబడకుండా నా గొంగడి కప్పి, వెనుక తలుపు సందులో నువ్వు కూర్చునే చోట కూర్చోబెట్టాను. గొంగడి కుచ్చుకుంటోందని గునిశాడు. "కదలకు" అన్నాను. కదల్లేదు, పాపం.

మొదట కాకి. తర్వాత ఉడుత. "ఇవేనా?" అన్నట్టు నా వైపు చూశాడు. పిచ్చుకలు దిగాయి, పోయాయి. చాలాసేపు ఏమీ లేదు. చుక్క పడే చప్పుడే. అప్పుడు పికిలిపిట్టలు వచ్చి, నేను కొని తెచ్చి కంపకు గుచ్చిన బొప్పాయి పండు మీద పడ్డాయి. తోక ఎత్తినప్పుడు ఎరుపు చూసి ఆయన మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ వెనుకే జోడి. ఆడది కుప్ప దగ్గర దిగింది, మగది రేగు కంప ఎక్కి తోక నిలబెట్టి పాట ఎత్తుకుంది. ఆయన అట్లాగే కూర్చుండిపోయాడు. పాట అయిపోయాక గుసగుసగా, "అమ్మా, నల్లంచి ఇదేనా?" అన్నాడు.

"ఇదే అయ్యా. పట్టుకపోయి జైల్లెయ్యి" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. నమ్మానన్నాడు. కాని సంతకం పెట్టే పెద్దాయన హైదరాబాదులో ఉన్నాడట, ఆయన గొంగడి కప్పుకుని మన పెరట్లో కూర్చోడట. ఫైలులో మనిషని ఉంది కాబట్టి, కాదనడానికి పిట్ట కళ్లెదుట ఉండాలట. "ఒక్క నల్లంచిని పట్టి ఇవ్వండమ్మా. చూపించగానే ఆవిడనూ వదిలేస్తారు, పిట్టనూ వదిలేస్తారు. నా మాట నమ్మండి" అన్నాడు.

నా జన్మలో పిట్టను పట్టలేదు. పట్టేవాళ్లను గోడ అవతలి నుంచే తిట్టి పంపేదాన్ని. ఆ రోజంతా అన్నం తినలేదు. మరునాడు అంజిలయ్యను వల ముక్క అడిగాను. ఆయన కోసి ఇచ్చాడు. పాట మధ్యలో వల పడింది. గుప్పిట్లో దాని గుండె కొట్టుకోవడం నా మోచేతి దాకా తెలిసింది.

వెదురు పంజరంలో ఇన్‌స్పెక్టరు తీసుకుపోయాడు. ఆడది వస్తూనే ఉంది. నేను దాని వైపు చూడలేక కుప్ప వైపు తిరిగి నీళ్లు పోస్తున్నాను. నువ్వు వచ్చేస్తావు గదా, అది ఒక్కటే చూసుకున్నాను.

రుక్మక్క


హైదరాబాదు, జైలు,
1949 ఏప్రిల్, శనివారం.

అక్కా,

నాలుగు రోజుల కిందట పెద్దాయన జైలుకే వచ్చాడు. నన్ను పిలిపించి, పంజరం నా ముందు పెట్టి, "నీవు ఉత్తరాలలో రాసిన నల్లంచి ఇదియేనా?" అని అడిగాడు. అవునన్నాను. పంజరం వైపు చూశాడు, ఉర్దూ కాగితం వైపు చూశాడు, కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు. సోమవారం నన్ను వదలమని సంతకం పెట్టాడు. సోమవారం మధ్యాహ్నం బస్సుకు వస్తానని నీకు కబురు పంపించాను, అందే ఉంటుంది.

పిట్టను ఎప్పుడు వదులుతారని గుమాస్తాను అడిగాను. "గది సాక్ష్యం అమ్మా. మీద సీలు పడ్డది. ఫైలు బందయ్యే దాక ఈడనే ఉంటది" అన్నాడు. ఫైలు ఎప్పుడు మూస్తారని అడిగితే పై అధికారులకే తెలుసన్నాడు. పంజరం ఆఫీసు వరండాలో వేలాడదీశారు. గుమాస్తా చెడ్డవాడు కాదు, రోజూ జొన్నలు పోస్తున్నాడు. నల్లంచి జొన్నలు తినదని చెప్పాను. "ఆకలైతే అదే తింటది" అన్నాడు. నర్సింహమ్మ గోడ మూలన చెదలు ఏరి చాటుగా పెడుతూ వచ్చింది. రెండు రోజులుగా అవి కూడా ముట్టడం లేదు. నిన్న చూస్తే రెక్కలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని ఉంది. నా కోసం నువ్వు పట్టిన పిట్ట.

ఈ రోజు విడుదల కాగితం మీద సంతకానికి పిలిచారు. నర్సింహమ్మ నన్ను తీసుకువచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. గుమాస్తా సిరా కోసం లోపలికి వెళ్లాడు. నేను సీలు తెంపి తలుపు తీశాను. అది వెంటనే పోలేదు అక్కా. గడప మీద కూర్చుని నన్నే చూసింది, పొమ్మని చెయ్యి ఊపాను. ఎగిరి గోడ ఎక్కింది, అక్కడ నుంచి అవతలికి దిగిపోయింది.

గుమాస్తా వచ్చి, "సాక్ష్యం ఏది?" అన్నాడు. నర్సింహమ్మ ముఖంలో నెత్తురు లేదు. నేను నోరు మూసుకుంటే ఆమె నౌకరీ పోతుంది. నేనే తీశానని చెప్పాను.

విడుదల కాగితం వెనక్కి తీసుకున్నారు. సాక్ష్యం మాయం చేసినందుకు కొత్త కేసు రాస్తున్నారు. ఎన్నాళ్లో చెప్పలేదు. సోమవారం బస్సు దగ్గరికి రావద్దు.

సుసన్న


ఇబ్రహీంపట్నం,
1949 ఏప్రిల్.

సుసన్నా,

నీ ఉత్తరం బుధవారం అందింది. సోమవారం నేను బస్సు దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం బస్సు పోయాక, మనసు రాక సాయంత్రం బస్సుకు కూడా నిలబడ్డాను. అంజిలయ్య వచ్చి, "పా అక్కా, ఇంక బస్సులు లెవ్వు" అని ఇంటిదాకా తోడు వచ్చాడు.

ఉత్తరం చదివి పెరట్లో నిలబడి అరిచాను. "ఓ సుసన్నా, నీకు దిమాగ్ ఉన్నదా? ఎవల కోసం పట్టిన దాన్ని? ఎవల కోసం?" అని. మైసమ్మ గోడ దూకినంత పని చేసి వచ్చింది. ఎవరితో కొట్లాడుతున్నానో చూద్దామంటే పెరట్లో ఎవరూ లేరు.

నీకు ఒకటి చెప్పాలి. నీ చోట నేను ఉంటే ఆ తలుపు తీసేదాన్నా అని ఈ మూడు రోజులు నన్ను నేనే అడిగాను. తీసేదాన్ని కాదు. అది పంజరంలో చచ్చిపోయినా సరే, బస్సెక్కి వచ్చేదాన్ని. ఊరంతా నన్ను పిట్టల పిచ్చిది అంటారు. నిన్న మొన్న నేర్చుకున్నదానివి, నువ్వు తీశావు. నీ మీద కోపం పోలేదు. నిన్ను చూస్తే గాని పోదు.

రేపటి నుంచి మళ్లీ ఠాణా మెట్ల మీద కూర్చుంటాను. ఇన్‌స్పెక్టరు ముఖం దాచుకుంటున్నాడు, ఎన్నాళ్లు దాచుకుంటాడో చూస్తాను. గురిగిలో నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఆ పిట్ట ఇటు రాలేదు, అంత దూరం నుంచి దానికి దారి ఏం తెలుస్తుంది? నిన్న ఎక్కడిదో కొత్త మగ నల్లంచి వచ్చి గోడ ఎక్కింది. ఆడది దాని పక్కన చేరింది. వెలుతురు రాకముందే మొదలుపెట్టి, పాట మీద పాట, ఇంత బాగా పాడింది నేను ఎన్నడూ వినలేదు. పక్కన నువ్వు లేకుండా నాకు వినాలనిపించలేదు సుసన్నా. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

రుక్మక్క